నాలుగు ప్లేట్లు, అయిదు గ్లాసులు

“సలాడ్ ఉంటుందిగా,” అన్నారు మావారు. అప్పటికి అది మూడోసారి.

“ఉంటుంది. దాని మీద ఛీజ్ కూడా ఉంటుంది,” అన్నాను.

“తీసేసి తినమను.”

“తురిమిన ఛీజ్ ఎలా తీస్తుందిరా? బియ్యంలో రాళ్లు ఏరినట్టా?” అన్నారు మా అత్తగారు, బఠానీలు ఒలుస్తూ. మనవరాలి పక్షాన నిలబడ్డారని నేను సంబరపడేలోపే, “అయినా నెలకోసారి కాస్త వెన్న నోట్లో పడితే కొంప మునుగుతుందా? చిన్నప్పుడు గిన్నె నాకేది,” అని అవతలి పక్షంలోకి వెళ్లిపోయారు.

మా మరిదికి తిన్న ప్రతిచోటా నక్షత్రాలు పంచే అలవాటుంది. ఫోన్‌లోంచి తలెత్తకుండానే, “ఆ హోటల్‌కి నేను నాలుగున్నర స్టార్లు ఇచ్చాను వదినా. అక్కడ దొరకనిదంటూ లేదు,” అని తీర్పు చెప్పేశాడు.

సంగతేమిటంటే, ప్రతి నెలా మొదటి ఆదివారం మేం అయిదుగురం మధ్యాహ్నం ఒంటిగంటకు హోటల్లో భోంచేస్తాం. మా అమ్మాయి ఊరికి ఆ చివర పశువుల ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తూ, అక్కడే ఒక గది తీసుకుని ఉంటోంది. దాని డ్యూటీలకీ మా వేళలకీ కుదరదు. కాబట్టి మేమందరం ఒక బల్ల దగ్గర కూర్చునేది నెలకు ఆ ఒక్కపూటే. ఈసారి శనివారం పొద్దున్నే ఫోన్ చేసి, “అమ్మా, రేపు మీరు నలుగురూ వెళ్లి రండి. నాకు పనుంది,” అంది.

“ఆదివారం ఏం పనే?”

“భోంచెయ్యాలి.”

అదీ మాట. దాని మీద రెండు గంటలుగా చర్చ నడుస్తోంది. మా అమ్మాయి వీగన్. మేం వెళ్లే హోటళ్లలో దానికి తినడానికి ఏమీ దొరకదు. ఇది హోటళ్ల లోపమని కొందరు, మా అమ్మాయి లోపమని ఎక్కువమంది అంటున్నారు. నన్నడిగితే ఇద్దరిదీ పొరపాటే. ఇది లోపం కాదు. వరం. వీగన్‌కి హోటల్లో తిండి దొరకకపోవడం వల్ల ఒక కుటుంబానికి ఎన్ని మేళ్లు జరుగుతాయో ఏడాదిన్నరగా దగ్గరుండి చూసిన మనిషిని నేను. నాకు తెలియదా?

తెలియనివారి కోసం ఒక్క మాట. వీగన్ అంటే జంతువుల నుంచి వచ్చిందేదీ తినని మనిషి. మాంసం, చేప, గుడ్డు సరే. పాలు, పెరుగు, వెన్న, ఛీజ్, క్రీమ్, చివరికి తేనె కూడా ముట్టరు. మా అమ్మాయి ఓసారి డాక్టరుగారి వెంట ఒక పాల డైరీకి వెళ్లి రెండు రోజులుండి వచ్చింది. వచ్చిన పూట కాఫీ గ్లాసు పక్కకి జరిపి, “ఇకమీదట నాకు పాలు వద్దమ్మా,” అంది. అంతే. ఉపన్యాసం లేదు, నినాదం లేదు. మాకెవరికీ ఒక్క నీతి కూడా బోధించలేదు. బోధలన్నీ మేమే దానికి చేశాం.

ఇక మేళ్ల సంగతికి వస్తాను.

ముందుగా కాలం కలిసొస్తుంది. మా హోటల్ మెనూ ఇరవై రెండు పేజీలు. మావారు దాన్ని వీలునామా చదివినట్టు చదువుతారు. ఎక్కడైనా తన పేరు ఉందేమోనని వెతుకుతున్నట్టు వెనక్కీ ముందుకీ తిప్పుతారు. పావుగంట తరవాత ప్రతిసారీ తినే వేయించిన చేపే తెప్పించుకుంటారు. మా అమ్మాయి అదే మెనూని అరనిమిషంలో మూసేస్తుంది. మిగిలిన సమయమంతా దానిదే. మేం తింటున్నంతసేపూ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటుంది. బయట బళ్లు నిలిపే చోటు తప్ప మరేమీ కనిపించదు. అయినా పరిశీలన పరిశీలనే కదా?

ఆ తరవాత మనుషులతో పరిచయాలు. మీరూ నేనూ హోటల్‌కి వెళితే ఎవరితో మాట్లాడతాం? “రెండు సూపులు, ఒక నీళ్ల సీసా” అంటాం. అక్కడితో మన మానవ సంబంధాలు అయిపోతాయి. మా అమ్మాయి అలా కాదు. వెయిటరుతో మొదలుపెట్టి, సూపర్‌వైజరు మీదుగా మేనేజరు దాకా అందరితోనూ మాట్లాడాల్సిందే.

“ఇందులో పాలు ఉంటాయా?” అని అడుగుతుంది.

“అస్సలుండవు మేడమ్. క్రీమ్ మాత్రమే.”

“క్రీమ్ లేకుండా చేస్తారా?”

“ఎందుకు చెయ్యం మేడమ్? బటర్‌తో చేస్తాం.”

“బటర్ కూడా లేకుండా?”

ఇక్కడికి వచ్చేసరికి ఆ వెయిటరు ముఖంలో నిజమైన బాధ కనిపిస్తుంది. మంచం పట్టిన మనిషిని చూసినట్టు చూసి, గొంతు తగ్గించి, “డాక్టరు వద్దన్నారా మేడమ్?” అని అడుగుతాడు. ఇంత దయ మీకు ఎక్కడ దొరుకుతుంది? ఆసుపత్రిలో దొరుకుతుందా? మా అమ్మాయి ఆసుపత్రిలోనే పనిచేస్తుంది కాబట్టి అడిగాను. దొరకదంది. కనీసం పేషెంట్లు కరవకుండా ఉంటే చాలంది.

వెన్నతో పెట్టిన విద్య అని మన పెద్దలు ఏ విద్యను చూసి అన్నారో గాని, మా ఊరి వంటవాళ్ల విషయంలో అది అక్షరాలా నిజం. బంగాళాదుంపలో వెన్న. బీన్స్‌లో వెన్న. పుట్టగొడుగుల్లో వెన్న, వాటి కింద వెన్న, వాటి పక్కన చిన్న గిన్నెలో ఇంకాస్త వెన్న. బ్రెడ్డు ఒక్కటే పొడిగా ఉందని ఆశపడితే, దాని పైన నిగనిగలాడడానికి పాలు పూస్తారట. ఆ మాట ఒక మేనేజరు గర్వంగా చెప్పాడు. అప్పటికి మా అమ్మాయి అక్కడ నాలుగు నెలలుగా ఆ బ్రెడ్డు ఒక్కటే తింటోంది.

ఓసారి మరో హోటల్‌కి వెళ్లాం. అక్కడి మెనూలో కొన్ని వంటకాల పక్కన చిన్న పచ్చటి ఆకు బొమ్మ ఉంది. ఒకటి కాదు, పదకొండు ఆకులు. మా అమ్మాయి వేలు పెట్టి లెక్కపెట్టింది. “నానమ్మా, పదకొండు” అంది. దాని ముఖం చూసి మా అత్తగారికి కూడా ముచ్చటేసింది. మేనేజరుని పిలిచి ఈ పదకొండింటిలో ఏది బాగుంటుందని అడిగితే, అతను మెనూని కాస్త దూరంగా పెట్టి చూసి, “అవి ప్రింటింగ్ ప్రెస్ వాళ్లు వేశారు మేడమ్. పక్కన ఖాళీగా ఉంటే బాగుండదని,” అన్నాడు. నేతి బీరకాయలో నెయ్యెంతో ఆ ఆకుల్లో వీగన్ అంత. అయితే ఆ ఆకులు నిజంగానే బాగున్నాయి. అందాన్ని ఆస్వాదించడం కూడా ఒక రకం భోజనమే కదా?

సిబ్బంది మంచి మనసు గురించి చెప్పకపోతే తప్పవుతుంది. ఇంకోచోట, ఎంతో బతిమాలాక, వంటాయన నూనెతో నూడుల్స్ చేయడానికి ఒప్పుకున్నాడు. మేం నలుగురం తినడం ఆపి మరీ ఎదురుచూశాం. ప్లేటు వచ్చింది. పొగలు కక్కుతోంది. పైన పువ్వు ఆకారంలో కోసిన వెన్నముద్ద మెల్లిగా కరుగుతోంది. తెచ్చిన వెయిటరు కదలకుండా అక్కడే నిలబడి, “మేడమ్ పాపం ఏమీ తినడం లేదని నేనే చెప్పి వేయించాను. దీనికి ఎక్స్‌ట్రా ఏమీ లేదు,” అన్నాడు. ఆ కళ్లలో ఆ వెలుగు చూసి ఎవరికైనా వద్దనబుద్ధవుతుందా? మా అమ్మాయి అతనికి థాంక్స్ చెప్పింది. అతను వెళ్లాక ప్లేటు వాళ్ల బాబాయి ముందుకి జరిపింది. మా మరిది రెండు ప్లేట్లూ తిని, ‘సిబ్బంది మనసున్న వాళ్లు’ అని అయిదు స్టార్లు వేశాడు.

పోషకాహారం మాటేమిటి అంటారా? దానికీ లోటు లేదు. ఓ ఆదివారం మా నలుగురి ప్లేట్లలోనూ అలంకారం కోసం పెట్టినవన్నీ ఏరి మా అమ్మాయికి ఒక భోజనం తయారుచేశాం. నాలుగు నిమ్మ చెక్కలు, ఆరు టమాటా ముక్కలు, గుప్పెడు ఆకులు, క్యారెట్‌తో చెక్కిన ఒక గులాబీ. ఆ గులాబీకి ఆ హోటల్లో మేనేజరు కంటే ఎక్కువ సర్వీసు ఉంటుందని నా అనుమానం. “పోనీలే, రంగురంగులుగా తిన్నావు,” అన్నారు మా అత్తగారు. మా అమ్మాయి గులాబీని మాత్రం వదిలేసింది. పెద్దవాళ్లని కొరకకూడదంది.

అన్నిటికంటే పెద్ద మేలు మా కుటుంబానికి జరిగింది. ఇదివరకు హోటల్లో కూర్చుంటే ఎవరి ఫోను వాళ్లు చూసుకునేవాళ్లం. ఇప్పుడు మాటలకి కొదవే లేదు. అందరికీ ఒకే విషయం, అందరూ అందులో నిపుణులు. పుట్టి బుద్ధెరిగాక ప్రొటీన్ అన్న మాట పలకని మావారు ఇప్పుడు ఏ పప్పులో ఎన్ని గ్రాములో చెబుతారు. ఆ పప్పు అక్కడ వండరన్న సంగతి ఆయనకు అప్రస్తుతం. “మేమంతా తాగి పెరగలేదా? మాకేమైంది?” అని మా అత్తగారు అడుగుతారు. అడిగిన పది నిమిషాలకు భోజనానికి ముందు వేసుకునేవి మూడు, తరవాత వేసుకునేవి నాలుగు మాత్రలు బల్ల మీద వరసగా పేర్చుకుంటారు.

మా మరిదిది తాత్విక కోణం. చేతిలో కోడికాలు పట్టుకుని, “క్యారెట్‌కి మాత్రం ప్రాణం లేదా?” అని అడుగుతాడు. ఆ క్షణంలో క్యారెట్ల మీద అతనికున్న జాలి చూసి నా ప్లేటులోని క్యారెట్‌ని పక్కకి జరుపుతాను. ఒకసారి ఇంకా లోతుకి వెళ్లి, “సముద్రం మధ్యలో దీవి. నువ్వూ ఒక ఆవూ తప్ప ఎవరూ లేరు. అప్పుడేం తాగుతావు?” అన్నాడు.

“దారి చెప్పు బాబాయ్,” అంది మా అమ్మాయి. “ఆ ఆవు అయినా నన్ను ప్రశ్నలు అడక్కుండా కూర్చుంటుంది.”

అందరం నవ్వాం. అది కూడా నవ్వింది. చూశారా, ఇంతటి ఆనందం తిండి దొరికితే దొరికేదా? దొరికితే అది తింటూ కూర్చునేది. మాకేం మిగిలేది?

మరో సంగతి. ప్రతి హోటల్లోనూ దొరికే వీగన్ వంటకం ఒకటుంది, మెనూలో రాయరు. దాని పేరు సర్దుకోవడం. అది వండడానికి వెన్న అక్కర్లేదు, క్రీమ్ అక్కర్లేదు, అసలు పొయ్యే అక్కర్లేదు. పక్కన కూర్చున్నవాళ్లు ప్రేమగా వడ్డిస్తారు. మిగిలినవాళ్లంతా ఎక్కువ వడ్డించారు గాని, నేనూ తక్కువ తినలేదు. పొరపాటు, తక్కువ పెట్టలేదు. “ఈ ఒక్కసారికీ సర్దుకో తల్లీ” అని ఎన్ని ఒక్కసార్లు అన్నానో.

ఇన్ని మేళ్లు పొందాక మనిషి మారకుండా ఉంటుందా? మా అమ్మాయీ మెల్లగా మారింది. మొదట్లో అన్నీ అడిగేది. తరవాత ఒకటి రెండు అడిగేది. ఆ తరవాత మెనూ తెరవకుండానే, “నాకు నల్ల కాఫీ చాలు,” అనడం మొదలుపెట్టింది. పాలు వెయ్యని కాఫీ. మేం సూపు దగ్గర మొదలుపెట్టి ఐస్‌క్రీమ్ దగ్గర ముగించేవరకూ ఆ ఒక్క కప్పే. గంటన్నర పాటు ఒక కప్పు కాఫీ తాగడం ఎంత కష్టమో ఎప్పుడైనా ప్రయత్నించారా? చివరి అరగంట ఉత్త కప్పే ఎత్తి దించుతూ ఉండాలి.

మూడు నెలల క్రితం మేం కాస్త ముందుగా వెళ్లాం. బళ్లు నిలిపే చోట, గోడవారన, తన స్కూటర్ మీద కూర్చుని మా అమ్మాయి డబ్బాలోంచి అన్నం తింటోంది. నన్ను చూసి చెంచా దించి, “ఇక్కడ గాలి బాగుందమ్మా,” అంది. నేను బాగుందనే అన్నాను. ఆరుబయట భోజనం ఆరోగ్యానికి మంచిదని కూడా అన్నాను. మిగతావాళ్లు కారు దిగేలోపు అది డబ్బా మూసి సీటు కింద పెట్టేసింది.

పోయిన నెల వెళ్లేసరికి మా బల్ల సిద్ధంగా ఉంది. మేం ఎప్పుడూ వెళ్లే చోటే కాబట్టి అన్నీ ముందే సర్ది ఉంచుతారు. అయిదు కుర్చీలు. అయిదు గ్లాసులు. నాలుగు ప్లేట్లు.

ఎవరూ గమనించలేదనుకుంటాను. మా అమ్మాయి కూర్చుని, గ్లాసు కాస్త పక్కకి జరిపి, ప్లేటు ఉండాల్సిన చోట ఫోన్ పెట్టుకుంది. వంటకాలు వచ్చాక మా మరిది ఫొటో తియ్యడానికి లేచి, “నువ్వు కొంచెం పక్కకి జరగవే, ప్లేట్లన్నీ పడాలి,” అన్నాడు. జరిగింది. ఫొటో చక్కగా వచ్చింది. దానికి చాలామంది లైకులు పెట్టారు.

ఈ నెల రానన్నది అందుకేనని నేను అనడం లేదు. పనుందని చెప్పింది కదా.

చర్చ రెండు గంటలు సాగి పదిన్నరకి ఒక కొలిక్కి వచ్చింది. ఈసారికి నలుగురమే వెళ్దాం, వచ్చే నెల సంగతి వచ్చే నెల చూద్దాం అన్నారు మావారు. బల్ల బుక్ చెయ్యడం, మార్చడం నా పని. కూరగాయల కొట్టుకి ఎలాగూ వెళ్లాలి, హోటల్ ఆ పక్కనే కాబట్టి నోటితోనే చెప్పి వద్దామని సంచీ తీసుకుని బయల్దేరాను.

హోటల్ ఇంకా తెరవలేదు. కుర్చీలన్నీ బల్లల మీద తలకిందులుగా ఉన్నాయి. నేల తడిగా ఉంది. వెనకనుంచి ఉల్లిపాయలు వేగుతున్న వాసన వస్తోంది. నేను పిలిచిన పిలుపుకి వంటగదిలోంచి ఒకావిడ చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. అరవై ఏళ్లుంటాయి. ఇన్నేళ్లుగా మేం తింటున్నది ఆవిడ వంట అని నాకు ఆరోజే తెలిసింది.

“రేపు మాది అయిదుగురు కాదండీ, నలుగురే,” అన్నాను.

“ఎవరు తగ్గారమ్మా? నల్ల కాఫీ అమ్మాయా?”

“మీకెలా తెలుసు?”

“తెలియకపోవడమేం? మొదట్లో మీ బల్ల దగ్గర్నుంచి నెలకో చీటీ వచ్చేది నాకు. వెన్న లేకుండా కుదురుతుందా అని. ఒంటిగంటన్నరకి పంపిస్తే ఏం కుదురుతుందమ్మా? తరవాత ఆ చీటీ కూడా రావడం మానేసింది.”

నాకు కాస్త పౌరుషం వచ్చింది. ఏడాదిన్నరగా కడుపులో దాచుకున్న మాటలన్నీ అక్కడే దులిపేద్దామనుకున్నాను. “ఇంత పెద్ద హోటల్లో ఒక్క పిల్లకి ఒక్క వంటకం లేదంటే ఏమనుకోవాలి?” అన్నాను.

ఆవిడ కోప్పడలేదు. ఒక బల్ల మీది కుర్చీ దించి, నన్ను కూర్చోమంది. “చూడమ్మా. నేను పొద్దున తొమ్మిదింటికి పెద్ద గిన్నె ఎక్కిస్తాను. అడుగున వెన్న వేసి ఉల్లిపాయలు వేయిస్తాను. సూపులు, సాసులు, కూరలు అన్నీ ఆ గిన్నెలోంచే పుట్టాలి. మధ్యాహ్నం వచ్చి వెన్న తియ్యమంటే, కలిపేసిన టీలోంచి చక్కెర తియ్యమన్నట్టే.”

“మరి ముందే చెబితే?”

“ముందే చెబితే నూనెతో ఇంకో గిన్నె పెడతాను. అదేమైనా బ్రహ్మవిద్యా? మా మనవరాలికి పాలు పడవు. ఇంట్లో రెండేళ్లుగా అలాగే వండుతున్నాను. పిల్ల గిన్నె తుడిచి మరీ తింటుంది.”

“ఈ మాట మా అమ్మాయికి ఎవరూ చెప్పలేదు.”

“బల్ల బుక్ చేసేది అమ్మాయి కాదు కదమ్మా,” అంది ఆవిడ. “మీరు.”

తరవాత ఆవిడ వేళ్లు మడుస్తూ మొదలుపెట్టింది. “పెద్దావిడకి చేతులున్న కుర్చీ వెయ్యాలి. సార్‌కి ఏసీ తగలకూడదు. సార్‌కే చేప మీద మిరియాలు తగ్గించాలి. ఫొటోలు తీసే ఆయనకి వెలుతురు పడాలి కాబట్టి బల్ల కిటికీ పక్కనే ఉండాలి. చేప కూడా ముందు రోజే చెప్పి తెప్పిస్తారు. ప్రతి నెలా మీరు ఫోన్ చేస్తే మా మేనేజరు ఇవన్నీ వంటింట్లోకి వచ్చి మరీ చదువుతాడు. ఆ అమ్మాయికి ఏం కావాలో మీరెప్పుడూ చెప్పలేదు. ఏమీ అక్కర్లేదేమో అనుకున్నాను. అందుకే పోయిన నెల, ఊరికే కడగడమెందుకని ప్లేటు పెట్టొద్దన్నాను. తప్పయితే ఏమీ అనుకోకండి.”

తప్పా? ఆవిడదా?

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. నా కూతురు అడిగింది. సరైన వేళకి అడగలేదు, సరైన మనిషిని అడగలేదు, నిజమే. ఏ వేళకి ఎవరిని అడగాలో తెలిసిన మనిషి దాని పక్క కుర్చీలోనే కూర్చుని చేప ముళ్లు తీస్తోంది. వెయిటర్ల అజ్ఞానం మీద, మేనేజర్ల ఆకుల మీద, పాలు పూసిన బ్రెడ్డు మీద ఇంత పొడుగున చెప్పుకొచ్చాను కదా. ఆ వెయిటర్లు నయం. వాళ్లు నా కూతుర్ని ఎప్పుడో ఒకసారి చూసేవాళ్లు. వెన్నపువ్వు తెచ్చినవాడైతే తనకు తోచిన మేలు చేశాడు. నేను? నా అత్తగారి మోకాళ్లు గుర్తున్నాయి. మొగుడి మిరియాలు గుర్తున్నాయి. మరిది ఫొటోల మీద ఎండ ఏ వైపు నుంచి పడాలో గుర్తుంది. నేనేమీ గుర్తుపెట్టుకోలేని మనిషిని కాదు మరి.

“పోనీ రేపటికి కుదురుతుందా?” అని అడిగాను.

“ఈరోజే చెబితే కుదురుతుంది. కానీ ఒక్క ప్లేటుకి గిన్నె పెట్టనమ్మా. పెద్ద పొయ్యి. కొంచెం వేస్తే ఉల్లిపాయలు మాడి అడుగంటుతాయి. కనీసం నలుగురైదుగురికి సరిపడా అయితే ఎక్కిస్తాను. పుట్టగొడుగుల సూపు, బీన్స్, కాల్చిన దుంపలు, టమాటా అన్నం. చివర్లో పండ్లు. మీరు ఇంటికెళ్లి అందరినీ అడిగి ఫోన్ చెయ్యండి.”

ఇంటికెళ్లి అందరినీ అడగడం. రెండు గంటల చర్చ, మూడు సలాడ్లు, ఒక దీవి. నేను కుర్చీలోంచి లేచి సంచీ భుజానికి తగిలించుకున్నాను.

“అడగక్కర్లేదు,” అన్నాను. “ఎక్కించండి.”

కూరగాయలు కొన్నాక, ఆ కొట్టు అరుగు మీద నిలబడే అమ్మాయికి ఫోన్ చేశాను. వెనక ఏదో కుక్క మొరుగుతోంది. నేను చెప్పింది విని, ఆ కుక్కని ఊరుకోమంది. కుక్క ఆపింది.

“అందరూ అదే తింటారా?” అంది.

“అందరూ.”

“నాన్న కూడా?”

“నాన్న కూడా.”

“ఎన్నింటికి రమ్మంటావు?” అంది. ఏడాదిన్నరగా ప్రతి నెలా ఒంటిగంటకే వస్తున్న పిల్ల.

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. అందరూ భోజనాలకి కూర్చున్నారు. మావారు మంచి మాటల్లో ఉన్నారు. “నేనూ ఆలోచించాను. వచ్చే నెల దానికి నచ్చిన చోటికే వెళ్దాం. అక్కడ మనకి ఏదో ఒకటి దొరక్కపోతుందా? ఈసారికి మాత్రం ఎలాగూ నలుగురం అయిపోయాం కాబట్టి...”

“అయిదుగురం,” అన్నాను, మా అత్తగారి ప్లేటులో బఠానీల కూర వేస్తూ. “అమ్మాయి వస్తోంది. అయిదు ప్లేట్లలోనూ అది తినేదే ఉంటుంది. వెన్న ఉండదు, క్రీమ్ ఉండదు. చేప వద్దని చెప్పేశాను.”

మా మరిది మొదటిసారి ఫోన్‌లోంచి తలెత్తాడు. “దానికి ఒక్కదానికి చేయిస్తే సరిపోదా వదినా?”

“ఒక్క ప్లేటుకి వండరట.”

“నాక్కూడానా?” అన్నారు మా అత్తగారు. ఆవిడ గొంతులో కోపం లేదు. లెక్కలో తనూ ఉన్నానా అని కనుక్కుంటున్నట్టుంది.

“మీక్కూడా అత్తయ్యా.”

మావారు చెయ్యి మధ్యలో ఆపి నా వైపు చూశారు. ఇరవై ఆరేళ్ల కాపురంలో ఆయన్ని అడక్కుండా ఆయన భోజనం నేను మార్చడం అదే మొదటిసారి. నేను ఆయన ప్లేటులోనూ కూర వేశాను.

“రేపు ఒక్కరోజే కాదు,” అన్నాను. “ఇకనుంచి ప్రతి నెలా మొదటి ఆదివారం ఇంతే. రానివాళ్లెవరైనా ఉంటే ఇప్పుడే చెప్పండి. గిన్నె ఎంతది పెట్టాలో ఆవిడ చూసుకోవాలి.”